వీబీ6 నుంచి విజువల్ స్టూడియో 2022కి: మిల్లు కాటా సాఫ్ట్‌వేర్ మార్చిన నా అనుభవం

మిర్యాలగూడ చుట్టుపక్కల కొన్ని రైస్ మిల్లుల్లో కాటా దగ్గర నడిచే సాఫ్ట్‌వేర్ బాగోగులు చూసేది నేనే. లారీయో ట్రాక్టరో కాటా ఎక్కుతుంది, లోడు తూకం తీసుకుంటారు, వడ్లు దించాక ఖాళీ తూకం తీసుకుంటారు, ఆ తేడాకి రైతు పేరు, ఊరు, బండి నంబరు కలిపి మూడు కాపీల చీటీ ప్రింటవుతుంది. పని ఇంతే. 2003లో ఒకాయన వీబీ6లో, అంటే మైక్రోసాఫ్ట్ వాళ్ళ పాత ప్రోగ్రామింగ్ సాధనం విజువల్ బేసిక్ 6లో రాశారు, తర్వాత ఆయన గల్ఫ్ వెళ్ళిపోతే నా చేతికొచ్చింది. 2025లో దాన్ని కొత్త ఎన్విరాన్‌మెంట్‌లోకి, అంటే కోడ్ రాసుకునే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ విజువల్ స్టూడియో 2022లోకి మార్చాను. పాతదాంట్లోనే ఉండాలా, కొత్తదానికి పోవాలా అని ఊగిసలాడే వీబీ6 వాళ్ళు ఇంకా బాగానే ఉన్నారు, నాకు ఫోన్లు వస్తుంటాయి. వాళ్ళ కోసం జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

2025 జూన్. యాసంగి వడ్ల హడావుడి అయిపోయింది. ఒక మిల్లు యజమాని ఫోన్ చేసి, "తమ్ముడూ, అక్టోబరు తర్వాత మన కాటా బందయితదంట గదా, కంప్యూటర్ షాపు పిలగాడు చెప్తుండు" అన్నారు. ఆ కుర్రాడు చెప్పింది విండోస్ 10 గురించి. దానికి మైక్రోసాఫ్ట్ సపోర్టు అక్టోబరు 14తో ముగుస్తుందని అప్పటికే ప్రకటించారు. సరిగ్గా వానాకాలం కోతలు మొదలయ్యే రోజులు. మిల్లు గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నప్పుడు కాటా కంప్యూటర్ మొరాయిస్తే ఏమవుతుందో ఒకసారి చూసినవాణ్ణి, నాకు నిజంగానే టెన్షన్ పట్టుకుంది.

ఆ వారమే ఆయన చేత విండోస్ 11 ఉన్న కంప్యూటర్ కొనిపించాను, 38 వేలయింది. పాత ఈఎక్స్‌ఈ (నడిచే ప్రోగ్రాం ఫైలు), గ్రిడ్ లాంటి వాటికి దాంతో వాడే ఓసీఎక్స్ ఫైళ్ళు అందులో పెట్టి, రిజిస్టర్ చేసి, డబుల్ క్లిక్ చేస్తే ఏమీ జరగనట్టు తెరుచుకుంది! వీబీ6 ప్రోగ్రాములు నడవడానికి కావలసిన ప్రధాన రన్‌టైమ్ విండోస్ 11లోనే ఉంది, ఆ విండోస్ ఉన్నంతకాలం దానికి సపోర్టు ఇస్తామని మైక్రోసాఫ్టే చెప్పింది. సపోర్టు ఆగింది మనం కూర్చుని కోడ్ రాసే ఎన్విరాన్‌మెంట్‌కి, అది కూడా 2008 ఏప్రిల్ 8నే. అంటే నేను ఇన్నేళ్ళుగా సపోర్టు లేని సరుకులోనే హాయిగా పనిచేస్తున్నానన్నమాట. ఇది తెలిశాక తేలిక పడాలి గానీ నాకు రివర్స్ అయింది, ఎందుకంటే తప్పనిసరి అయితే మారిపోతాం, తప్పనిసరి కానప్పుడే అసలు తలనొప్పి.

పాత ఎన్విరాన్‌మెంట్ గురించి కొంచెం చెప్పాలి. 1998 నాటి సరుకు. విండోస్ 11లో ఇన్‌స్టాల్ చేస్తే చివర్లో ఆగిపోయినట్టు కనిపిస్తుంది, మౌస్ చక్రం తిప్పితే కోడ్ కదలదు, దానికి విడిగా యాడ్-ఇన్ పెట్టుకోవాలి. ఈ రెండూ వీబీ6 వాళ్ళందరికీ తెలిసిన బాధలే. కానీ ఐకాన్ మీద నొక్కితే రెప్పపాటులో తెరుచుకుంటుంది. ప్రోగ్రాం నడుస్తుండగానే ఆపి, లైను మార్చి, మళ్ళీ అక్కడి నుంచే నడిపించొచ్చు. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న కాటా గది కంప్యూటర్‌లోనే, లారీ డ్రైవర్ బీడీ కాల్చుకునేలోపు తప్పు వెతికి, సరిచేసి, కొత్త ఈఎక్స్‌ఈ ఇచ్చిన రోజులున్నాయి. కొత్తవాటితో ఆ సుఖం లేదు, ఉందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

జూన్ ఆఖర్లో మా మేనల్లుడు హైదరాబాద్ నుంచి వచ్చాడు, గచ్చిబౌలిలో పని. వాడి ముందు పెట్టాను. "మామా, ఇంకా వీబీ ఏంది? వెబ్‌లో రాసెయ్, బ్రౌజర్‌లో నడుస్తది" అన్నాడు. కాటా గదికి తీసుకెళ్ళాను. నెట్ పోయినప్పుడు ఏం చేస్తావురా, కాటా వైరు వచ్చే సీరియల్ పోర్టు నుంచి తూకం ఎలా చదువుతావు అని అడిగితే కాసేపు తూకం చూపించే ఇండికేటర్ వైపు చూసి, "సరే, అయితే సీ షార్ప్‌లో రాయి" అన్నాడు. సీ షార్ప్ మైక్రోసాఫ్ట్ వాళ్ళదే ఇంకో భాష, మంచిదే. కానీ ఇరవై ఏళ్ళ లెక్కలన్నీ బేసిక్‌లో ఉన్నాయి, చెయ్యి కూడా దానికే అలవాటు. ట్విన్‌బేసిక్ అని ఇంకోటి ఉంది, వీబీ6 ప్రాజెక్టుని తెచ్చి పెడితే చాలావరకు అలాగే తెరుస్తుంది, 64 బిట్‌లో కూడా కంపైల్ చేస్తుంది. దాన్ని రెండు మూడు సాయంత్రాలు తిప్పి చూశాను, ముచ్చటేసింది. కానీ అప్పటికి అది ఇంకా బీటాలోనే, అంటే పరీక్ష దశలోనే ఉంది, బీటా మీద మిల్లు కాటా నడపడానికి ధైర్యం చాలలేదు.

చివరికి నన్ను కదిలించినవి రెండు విషయాలు, రెండూ సపోర్టు తేదీకి సంబంధం లేనివి.

మొదటిది తెలుగు. వీబీ6లో మామూలు టెక్స్ట్ బాక్సులకి యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకీ ఒకే పద్ధతి) తెలియదు, తెలుగు అతికిస్తే ప్రశ్నార్థకాలు వరసగా నిలబడతాయి. అందుకని రైతుల పేర్లు, ఊర్లు యూనికోడ్ కాని పాత 'అను' తెలుగు ఫాంట్లలో కొట్టి పెట్టేవాళ్ళం, చీటీ మీద మాత్రం ఇంగ్లిష్‌లో ఇంకోసారి టైపు చేసేవాళ్ళు. రైతు ఆ చీటీ పట్టుకుని "ఇది నా పేరేనా?" అని గుమస్తాని అడగడం రోజూ జరిగేదే. ఫోన్‌లో తెలుగు కొట్టడం అందరికీ వచ్చేశాక, యజమాని మనవరాలు ఒకరోజు "మన కంప్యూటర్‌కి తెలుగు రాదా తాతా?" అందట. ఆయన ఆ మాట నాకు చెప్పారు. చెప్పిన తీరులోనే అర్థమైంది, ఇక తప్పించుకోలేనని.

రెండోది, నాకు 50 దాటాయి. నా తర్వాత ఇది ఎవరు చూస్తారు? వీబీ6 నేర్చుకుంటానని వచ్చే కుర్రాడు ఈ జిల్లాలో నాకు దొరకలేదు. పైగా కోడ్‌లో పాత మందుపాతరలున్నాయి. తూకాన్ని ఇంటీజర్‌గా (చిన్న అంకెలే పట్టే రకంగా) రాసిన చోట్లు ఇంకా మిగిలే ఉన్నాయి. వీబీ6లో ఇంటీజర్ 32,767 దాటదు. ట్రాక్టర్లు, చిన్న లారీలు వచ్చినంతకాలం ఎవరికీ తెలియలేదు, 14 టైర్ల లారీ నిండుగా ఎక్కితే "ఓవర్‌ఫ్లో" అని ఆగిపోయేది. ఒక్కొక్కటే లాంగ్‌గా (పెద్ద అంకెలు పట్టే రకంగా) మార్చుకుంటూ వచ్చాను గానీ, నేను లేనప్పుడు అలాంటిది బయటపడితే పాపం ఎవరికి ఫోన్ చేస్తారు?

అలా జులై మొదటి వారంలో విజువల్ స్టూడియో 2022 కమ్యూనిటీ ఎడిషన్ దించాను. ఒక్కడే పనిచేసుకునేవాడికి ఉచితం, డబ్బు తీసుకుని చేసే పనికైనా సరే. డౌన్‌లోడ్ కొన్ని జీబీలు, మా ఇంటి నెట్‌తో మధ్యాహ్నం మొదలుపెడితే రాత్రి భోజనాల వేళకి అయింది. నా లాప్‌టాప్ 8 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్. తెరుచుకోవడానికే టీ తాగి రావాల్సి వచ్చేది. వారం భరించి, ఎస్‌ఎస్‌డీ వేయించి ర్యామ్ 16 చేయించాను, రెండూ కలిపి ఏడు వేల చిల్లర. ఉచితం అనుకున్నదానికి మొదటి ఖర్చు అదే.

కొత్త ప్రాజెక్ట్ అనగానే ఇంకో చిక్కు. "విండోస్ ఫార్మ్స్ యాప్" అని ఒకటి, "విండోస్ ఫార్మ్స్ యాప్, డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్" అని ఒకటి, పక్కపక్కనే ఉంటాయి. డాట్‌నెట్ అంటే ఈ ప్రోగ్రాములు నడవడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే పునాది. మొదటిది కొత్త డాట్‌నెట్, దాంట్లో దీర్ఘకాల సపోర్టు ఉన్నది అప్పటికి డాట్‌నెట్ 8. రెండోది పాత డాట్‌నెట్, 4.8 దగ్గర ఆగిన రకం. కొత్తదాంట్లోంచి పాతదా కొత్తదా అని మళ్ళీ ఎంచుకోవడం! మేనల్లుడు కళ్ళు మూసుకుని 8 అన్నాడు. నేను 4.8 తీసుకున్నాను. కారణం చెప్తాను: డాట్‌నెట్ 8 సపోర్టు 2026 నవంబరులో ముగుస్తుంది, ఆ తర్వాత ఇంకో వెర్షన్‌కి జరగాలి, దాని తర్వాత ఇంకోటి. 4.8 విండోస్‌తో పాటే వస్తుంది, విండోస్ ఉన్నంతకాలం ఉంటుంది. కాటా గది కంప్యూటర్‌ని పదేళ్ళపాటు ఎవరూ ముట్టుకోరు, దుమ్ము దులపడానికి కూడా. అలాంటి చోట మూడేళ్ళకోసారి మారే సరుకు నాకు నచ్చలేదు. పైగా కొత్త డాట్‌నెట్‌లో సీరియల్ పోర్టుకి విడిగా ప్యాకేజీ తెచ్చుకోవాలి, 4.8లో లోపలే ఉంది. భాష వీబీనే ఉంచాను. ఆ భాషకి కొత్త హంగులు ఇకమీదట చేర్చబోమని మైక్రోసాఫ్ట్ 2020లోనే చెప్పింది, నాకు కొత్త హంగులు అక్కర్లేదు కూడా.

పాత కోడ్‌ని మార్చిపెట్టే విజార్డు విజువల్ స్టూడియో 2008 దాకానే ఉంది, 2010 నుంచి తీసేశారు. ఒక మిత్రుడి దగ్గర 2008 డీవీడీ ఉంటే తెచ్చి పాత కంప్యూటర్‌లో ఎక్కించి ప్రాజెక్టుని దాంట్లో వేశాను. అది మార్చింది, కానీ ప్రతి నాలుగు లైన్లకీ "ఇక్కడ చూసుకో" అని ఒక హెచ్చరిక రాసి వదిలేసింది. కంట్రోల్ అర్రేలు (ఒకే పేరుతో వరసగా ఉండే బాక్సులు, బటన్లు) ఉన్నచోటల్లా చిందరవందర. అందుకని ఫారాలు చేత్తో కొత్తగా వేసుకుని, లెక్కలు చేసే మాడ్యూళ్ళు మాత్రం తీసుకొచ్చాను. ఇంకోటి గుర్తుపెట్టుకోండి, 2022 ఎన్విరాన్‌మెంట్ 64 బిట్, విజువల్ స్టూడియోల్లో మొదటి 64 బిట్ వెర్షన్ అదే. పాత 32 బిట్ ఓసీఎక్స్ గ్రిడ్‌ని దాని డిజైనర్‌లో ఫారం మీద పెట్టబోతే తీసుకోదు. ఓసీఎక్స్‌లు వదలలేనివాళ్ళకి 2019 నయం. నేను గ్రిడ్డే మార్చేశాను. డేటా మాత్రం అదే మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్ ఫైల్. దాన్ని చదివే జెట్ 4.0 ప్రొవైడర్ 32 బిట్‌లోనే ఉంది కాబట్టి బిల్డ్ సెట్టింగుల్లో ఎక్స్86 (32 బిట్) అని ఖాయం చేయాలి, లేకపోతే "ప్రొవైడర్ రిజిస్టర్ కాలేదు" అని మొహం మీదే చెప్తుంది. డాట్‌నెట్ 8తో సరదాగా చేసిన నమూనాలో నాకు అదే కనిపించింది.

ఆగస్టంతా సీరియల్ పోర్టు తినేసింది. పాతదాంట్లో ఆ పోర్టు చదివే ఎమ్మెస్‌కామ్ కంట్రోల్, ఒక టైమరు, అంతే. కొత్తదాంట్లో డేటా వచ్చినప్పుడు వచ్చే ఈవెంట్ వేరే థ్రెడ్ మీద, అంటే స్క్రీన్ పనికి పక్కన విడిగా నడుస్తుంది, అక్కడి నుంచి స్క్రీన్ మీది అంకెని నేరుగా మారిస్తే ఎర్రర్. బిగిన్‌ఇన్వోక్‌తో ప్రధాన థ్రెడ్‌కి పంపాలి. అది అర్థమయ్యాక ఇంకోటి. మా ఇండికేటర్ ప్రతి తూకం చివర లైను ముగింపు గుర్తుల్లో క్యారేజ్ రిటర్న్ ఒక్కటే పంపుతుంది, లైన్ ఫీడ్ పంపదు. లైను చదివే రీడ్‌లైన్ ఏమో లైన్ ఫీడ్ కోసం కాచుక్కూర్చుంటుంది, ఎప్పటికీ రాదు. న్యూలైన్ అనే ప్రాపర్టీలో వీబీసీఆర్ (అంటే క్యారేజ్ రిటర్న్) అని పెడితే తూకం గలగలా రావడం మొదలైంది. ఒక్క లైను. దానికి పట్టిన రాత్రులు నేను లెక్కపెట్టలేదు.

అంతా బాగుందనుకున్నాక కొత్త కంప్యూటర్‌లో అసలు పోర్టే కనపడలేదు. దానికి సీరియల్ పోర్టు ఉండదు కదా, యూఎస్‌బీ కన్వర్టర్ పెట్టాలి. మిల్లులో ఉన్న పాత కన్వర్టర్‌లోని చిప్‌కి కొత్త విండోస్‌లో డ్రైవర్ ఇవ్వడం మానేశారు, డివైజ్ మేనేజర్‌లో పసుపు త్రికోణం. బజార్లో 350కి దొరికేది కూడా అదే బాపతు. ఆన్‌లైన్‌లో 1,400 పెట్టి వేరే చిప్ ఉన్నది తెప్పించాను, నాలుగు రోజులు పట్టింది. ఎన్విరాన్‌మెంట్ ఏది ఎంచుకున్నా ఈ 1,400 తప్పేది కాదు, ముందే కొనేసుకోండి.

డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ సంగతి. పాత కోడ్ ప్రింటర్ పోర్టుని ఎల్‌పీటీ1 అని తెరిచి నేరుగా అక్షరాలు పంపేది, ఒక్క గుక్కలో చీటీ వచ్చేసేది. ఇప్పుడు ప్రింటర్ యూఎస్‌బీ మీద ఉంది, పైగా మనకి తెలుగు కావాలి, ప్రింటర్ తలలో తెలుగు అక్షరాలు ఉండవు. చీటీ మొత్తం బొమ్మగా పంపితే కీచుకీచుమంటూ వచ్చేది, వెనక లారీవాడు హారన్ కొట్టేవాడు. చివరికి పేరు, ఊరు ఉన్న లైన్లు మాత్రం ఎప్సన్ కమాండ్లలో బొమ్మ పంపే కమాండుతో పంపి, తూకాలు, తేదీ మామూలు అక్షరాలుగానే ఉంచాను. విండోస్‌లో ప్రింట్ పనులు చూసే స్పూలర్‌కి రా డేటాగా, అంటే ఉన్నదున్నట్టు పంపాలి, దానికి విండోస్ ఫంక్షన్లని పిలిచే ఏపీఐ డిక్లరేషన్లు రాసుకోవాలి. ఈ పనిలో మాత్రం నాకు పిల్లాడిలా సంతోషం వేసింది, చాలా ఏళ్ళ తర్వాత.

అను ఫాంట్ పేర్లను యూనికోడ్‌లోకి మార్చడం ఇంకో పురాణం. అనులో క్రారవడిని అక్షరానికి ముందు కొడతారు. సరిగ్గా మార్చకపోతే త్రిపురారం కాస్తా "{తిపురారం" అని వస్తుంది. పాత వార్తల సైట్లలో "{పభుత్వం" అని చూసే ఉంటారు, అదే జబ్బు. క్రారవడిని వెనక్కి జరిపే చిన్న ఫంక్షన్ రాశాను. చాలావరకు కుదిరాయి. కుదరనివి, పొల్లులూ వత్తులూ కలిసిపోయినవి, గుమస్తాతో కూర్చుని చేత్తో సరిచేశాం. అతనికి ఊర్లన్నీ నోటికే, "సార్, గది నేరేడుచర్ల, గీడ ఒత్తు పడలే" అని చెప్తుంటే నేను కొట్టుకుంటూ పోయాను.

సెప్టెంబరు మధ్యలో ట్రయల్. పాత కంప్యూటర్ తీసేయకుండా కొత్తది పక్కన పెట్టాం. ఇండికేటర్ పంపడమే తప్ప వినదు కాబట్టి, ఒక వై కేబుల్ కట్టించి అదే సిగ్నల్ రెండింటికీ ఇచ్చాను, రెండొందల లోపే అయింది. రెండు స్క్రీన్ల మీద ఒకే అంకె కలిసి మారుతుంటే యజమాని వచ్చి నిలబడి చూశారు. నెలకి పైగా రెండింట్లోనూ ఎక్కించి, సాయంత్రం రెండు రిపోర్టులూ పోల్చుకున్నాం. తూకాల్లో తేడా రాలేదు. వచ్చిన ఫిర్యాదులన్నీ వేరే రకం. "సారూ, గిదేంది, అక్షరాలు గింత సన్నగున్నయ్?" "ఎంటర్ కొడితే కిందికి పోతలేదు." పాతదాంట్లో ఎంటర్ కొడితే తర్వాతి బాక్సులోకి వెళ్ళేది, గుమస్తా స్క్రీన్ చూడకుండానే కొట్టేవాడు. ఎంటర్, ఎఫ్2, ఎఫ్5 అన్నీ పాత వరసలోనే ఉండేలా చేశాను, రంగు కూడా పాత బూడిద రంగే పెట్టమంటే పెట్టాను. మేనల్లుడు ఫొటో చూసి నవ్వాడు.

అక్టోబరు 14 వచ్చింది, పోయింది, ఏమీ ఆగలేదు. దీపావళి తర్వాత సన్న వడ్లు ఊపందుకున్నాయి, అప్పుడు పాత కంప్యూటర్ స్విచ్ తీసేశాం. సీజన్ మొత్తంలో ఒక్కసారే రాత్రి పూట ఫోన్ వచ్చింది, చూస్తే యూఎస్‌బీ వైరు ఎలుక కొరికింది.

డబ్బు సంగతి కూడా చెప్పేస్తాను, అందరూ అడిగేది అదే. కంప్యూటర్, కన్వర్టర్, కేబుల్ మిల్లు ఖర్చు. నా పనికి 40 వేలు అడిగితే 30కి ఒప్పుకున్నారు, సగం ముందు, సగం సంక్రాంతికి. పట్టిన సమయంతో చూస్తే గిట్టుబాటు కాదు, రెండో మిల్లు నుంచి మిగులుతుంది. ఎందుకంటే అక్కడ మార్చాల్సింది మిల్లు పేరు, ఇండికేటర్ సెట్టింగు, ఇంకొంచెం అను చెత్త.

ఒక మిల్లులో మాత్రం వీబీ6నే ఉంచేశాను. వాళ్ళకి తెలుగు అవసరం లేదు, ఆ కంప్యూటర్‌కి నెట్ లేదు, యజమాని "నడిచేదాన్ని కదిలియ్యకు" అన్నారు. అందుకని నా లాప్‌టాప్‌లో వీబీ6, 2022 రెండూ ఉన్నాయి, ఒకదానికొకటి అడ్డం రావు. నవంబరులో డాట్‌నెట్ 10, విజువల్ స్టూడియో 2026 వచ్చాయి, మేనల్లుడు అప్పుడే లింకు పంపాడు. యాసంగి అయ్యాక చూద్దాంలేరా అన్నాను. ఈలోపు చేయాల్సింది ఒకటుంది, బండి నంబరు కొట్టగానే పాత ఖాళీ తూకం చూపించమని గుమస్తా అడుగుతున్నాడు, పాతదాంట్లో అయితే సాయంత్రానికల్లా ఇచ్చేసేవాణ్ణి, దీంట్లో ఆదివారం దాకా ఆగమన్నాను.